హిప్నోథెరపీలో ఎన్ని రకాలు? దేనికి పనిచేస్తుంది, దేనికి పనిచేయదు?

తాటిపాక: 2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గెయిల్ పైపులైను పేలింది. 20 మందికి పైగా చనిపోయారు. ఎందరో కాలిన గాయాలతో నెలల తరబడి మంచం పట్టారు. పక్కనే ఉన్న తాటిపాక సహా ఈ ప్రాంతమంతా ఆ రోజును ఇప్పటికీ మర్చిపోలేదు. అంతకు ముందు 1995 జనవరిలో పాశర్లపూడి బ్లోఅవుట్ మంటలు రెండు నెలలకు పైగా ఆరలేదు. ఇలాంటి ప్రమాదాలు చూసినవాళ్లకు గాయం మానినా భయం పోదు. గ్యాస్ వాసన వస్తే చాలు గుండె దడ, రాత్రిళ్లు ఉలిక్కిపడి లేవడం, నిద్ర పట్టకపోవడం. ఈ బాధలకు 'హిప్నోథెరపీతో గ్యారంటీగా నయం చేస్తాం' అనే ప్రకటనలు ఫోన్లలో కనిపిస్తూనే ఉంటాయి. ఇంతకీ ఈ వైద్యంలో నిజమెంత?

హిప్నాసిస్ అంటే నిద్ర కాదు

తెలుగువాళ్లలో చాలామందికి హిప్నాటిజం అనగానే గుర్తొచ్చే పేరు బీవీ పట్టాభిరామ్. ఇంద్రజాలికుడిగా, మనస్తత్వ నిపుణుడిగా పేరు తెచ్చుకున్న ఆయన 2025 జూన్ 30న హైదరాబాద్‌లో కన్నుమూశారు. అయితే స్టేజీ మీద చూపించే హిప్నాటిజం వేరు, చికిత్సలో వాడే హిప్నాసిస్ వేరు. చికిత్సలో మనిషి స్పృహ తప్పడు. మాటలు వినిపిస్తూనే ఉంటాయి, ఇష్టం లేకపోతే మధ్యలో లేచి వెళ్లిపోవచ్చు. మనసు మొత్తం ఒకే విషయం మీద నిలిచి, చెప్పిన సూచనను సులువుగా తీసుకునే స్థితి అది. అందరికీ ఒకేలా పనిచేయదు. కొందరు త్వరగా ఆ స్థితిలోకి వెళ్తారు, కొందరు ఎంత ప్రయత్నించినా వెళ్లరు.

మత్తుమందు లేని రోజుల్లో..

'హిప్నాటిజం' అనే మాటను 1840లలో ప్రచారంలోకి తెచ్చింది స్కాట్లాండ్‌కు చెందిన సర్జన్ జేమ్స్ బ్రెయిడ్. అదే కాలంలో బెంగాల్‌లోని హుగ్లీలో జేమ్స్ ఎస్డైల్ అనే డాక్టర్ 1845 నుంచి ఈ తరహా పద్ధతితోనే రోగులకు ఆపరేషన్లు చేశారు. వాటిలో ఎక్కువ భాగం బోద వ్యాధి వల్ల వచ్చే వరిబీజం లాంటి పెద్ద వాపులే. బోదకాలు గురించి కోనసీమలో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. తర్వాత ఈథర్, క్లోరోఫామ్ రావడంతో ఈ పద్ధతి వెనకబడింది.

ప్రధాన పద్ధతులు ఇవీ

నేరు సూచన: పాత పద్ధతి ఇదే. కళ్లు మూయించి, ఒళ్లు వదులు చేయించి, 'నొప్పి తగ్గుతోంది', 'భయం పోతోంది' అని సూటిగా చెబుతారు.

ఎరిక్సన్ పద్ధతి: అమెరికా సైకియాట్రిస్టు మిల్టన్ ఎరిక్సన్ (1901-1980) పేరు మీద వచ్చింది. ఇందులో ఆజ్ఞలు ఉండవు. కథలు, పోలికలు, మామూలు మాటల మధ్యలోనే సూచన ఇస్తారు.

సీబీటీతో కలిపి: ఆలోచనలను, అలవాట్లను మార్చే కౌన్సెలింగ్‌కు హిప్నాసిస్‌ను తోడు చేస్తారు. ఆందోళన, భయాలకు ఎక్కువగా వాడతారు.

పొట్ట కోసం ప్రత్యేకంగా: ఐబీఎస్ అంటే పదేపదే కడుపునొప్పి, ఉబ్బరం, విరేచనాల తేడా. దీనికి మాంచెస్టర్‌లో డాక్టర్ పీటర్ వోర్వెల్ బృందం ఒక పద్ధతి రూపొందించింది. 30 మందిపై చేసిన వాళ్ల పరిశోధన 1984లో లాన్సెట్‌లో వచ్చింది.

స్వీయ హిప్నాసిస్: నిపుణుడి దగ్గర నేర్చుకుని ఇంట్లో రోజూ సాధన చేయడం.

గతంలోకి తీసుకెళ్లడం: చిన్ననాటికి, 'గత జన్మ'కు తీసుకెళ్తామనే పద్ధతి. ఇక్కడే జాగ్రత్త అవసరం. హిప్నాసిస్‌లో గుర్తొచ్చిందంతా నిజం కాదు. జరగనివి కూడా జరిగినట్టే అనిపించొచ్చు. గత జన్మ చికిత్సకు శాస్త్రీయ ఆధారం లేదు.

దేనికి ఉపయోగం?

నొప్పి విషయంలో ఆధారాలు బాగున్నాయి. కాలిన గాయాలకు కట్టు మార్చేటప్పుడు కలిగే నరకయాతన తగ్గించడానికి అమెరికాలో బర్న్స్ వార్డుల్లో దీన్ని వాడి చూశారు. కొందరికి మేలు కనిపించింది. అయితే నొప్పి మందులు ఆపేసి కాదు, వాటితో పాటే. ఐబీఎస్‌కు ఏడాది పాటు మందులు వాడినా తగ్గనివారి విషయంలో దీన్ని పరిశీలించవచ్చని బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆపరేషన్, పన్ను పీకించుకోవడం లాంటి వాటి ముందు ఆందోళన తగ్గడానికీ పనికొస్తుంది.

సిగరెట్ మాన్పించడంలో మిగతా పద్ధతుల కంటే మెరుగని చెప్పే గట్టి రుజువులు లేవు. ప్రమాదం తర్వాత వచ్చే పీటీఎస్‌డీకి ముందుగా సూచించేది ట్రామాపై దృష్టి పెట్టే సీబీటీ, ఈఎండీఆర్ చికిత్సలు. హిప్నాసిస్ వాటికి తోడుగా ఉండొచ్చు కానీ, బదులు కాదు. లేనివి వినిపించడం, కనిపించడం లాంటి తీవ్ర మానసిక జబ్బులున్నవారికి సైకియాట్రిస్టు చెప్పకుండా అసలు చేయకూడదు. షుగర్, క్యాన్సర్, ఫిట్స్ లాంటివి దీంతో నయమవుతాయని ఎవరైనా చెబితే నమ్మొద్దు.

ఎవరు చేయాలి?

కేంద్ర ఆరోగ్య శాఖ 2003లో హిప్నోథెరపీని చికిత్సా విధానంగా గుర్తించింది, ప్రత్యేక వైద్య శాస్త్రంగా కాదు. రిజిస్టర్డ్ డాక్టర్లు, తగిన శిక్షణ ఉన్నవారు చేయవచ్చు. నాలుగు రోజుల సర్టిఫికెట్ కోర్సు చేసినంత మాత్రాన పేరు ముందు 'డాక్టర్' అని రాసుకోవడం కుదరదు.

కాబట్టి వెళ్లే ముందు నాలుగు ప్రశ్నలు అడగాలి. అసలు చదువు ఏంటి? నా జబ్బుకు హిప్నాసిస్ లేకుండా మీరు చికిత్స చేయగలరా? ఎన్ని సిట్టింగులు, మొత్తం ఎంత? ఇప్పుడు వాడే మందులు ఆపమంటారా? చివరి ప్రశ్నకు 'ఆపేయండి' అన్నారంటే అక్కడి నుంచి లేచి వచ్చేయడమే మంచిది. ఆడవాళ్లు, పిల్లల విషయంలో ఇంట్లోవాళ్లు ఒకరు తోడుండటం మేలు.

తాటిపాక, రాజోలు వైపు వాళ్లకు అమలాపురం కిమ్స్, కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రుల్లో ముందు సైకియాట్రీ విభాగాన్ని కలవడం సరైన దారి. అంత దూరం వెళ్లలేకపోతే కేంద్రం 2022లో మొదలుపెట్టిన టెలి మానస్ నంబర్ 14416కు 24 గంటల్లో ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు. తెలుగులో మాట్లాడతారు, ఖర్చు ఉండదు. భయం పోకపోవడం పిరికితనం కాదు, దెయ్యం పట్టడం అంతకన్నా కాదు. అదీ ఒక గాయమే. సరైన చోట చూపించుకుంటే మానుతుంది.