రెండు టిక్కెట్ల ఆట

జనగామ స్టేషనులో టిక్కెట్టు కొని హైదరాబాదు పోయి, అక్కడ మైదానము వాకిట మరియొక టిక్కెట్టు చూపి ఆట చూచి వచ్చుట మన ప్రాంతమువారికి నేడు వింతగాదు. మానుకోటవారికి దారి కొంచెము దూరము, సుమారు 200 కిలోమీటర్లు. భూపాలపల్లికి రైలు లేదు గనుక అక్కడి బొగ్గుగని కార్మికుడు ఆ మొదటి టిక్కెట్టును బస్సులో కొనును. ఎట్లు పోయినను టిక్కెట్లు మాత్రము రెండు.

వీనిలో మొదటిది పాతది. నిజాము రాష్ట్రపు రైలుమార్గము సికిందరాబాదు నుండి 1886 నాటికి వరంగల్లును, 1889 నాటికి డోర్నకల్లు మీదుగా బెజవాడను చేరెను. ఆ దారి పొడుగున జనగామ, మానుకోటలు స్టేషనులైనవి. రెండవది, అనగా ఆటగాండ్రను చూచుటకు వెల యిచ్చి కొను టిక్కెట్టు, మనవారి చేతికి వచ్చుటకు చాలకాలము పట్టెను. ఆ సంగతియే శ్రోతలకు మనవి చేయదలచినాను.

ఆటకు వెల యిచ్చుట అను మాటయే మన పల్లెలకు క్రొత్త. చెడుగుడు ఊరి బయట ఇసుకలో జరుగును. చూడవచ్చిన వానిని నీవెవరవని అడుగువారు లేరు. టిక్కెట్టు అను దానిని మనవారు ముందుగా నాటకపు డేరాల యొద్దను, తరువాత టూరింగు టాకీసుల యొద్దను నేర్చిరి. నేల, బెంచి, కుర్చీ అను మూడు తరగతులు అక్కడనే తెలిసినవి. నేడు ఆ చెడుగుడే తెలుగు టైటాన్సు అను పేరుతో 2014 నుండి వృత్తిజట్టుగా ఆడుచుండగా, మన మనుమలు దానికి టిక్కెట్టు కొనుచున్నారు. పెద్దలు నవ్వినను నవ్వవచ్చును.

ఇతర దేశములందును ఈ మార్పు ఒక్కనాట వచ్చినది కాదు. అమెరికాలో బేస్‌బాల్ అను బంతియాటను మొదట స్నేహితులు సరదాకు ఆడుకొనెడివారు. 1858లో న్యూయార్కు దాపున ఒక గుర్రపు పందెముల మైదానములో జరిగిన ఆటలకు ప్రవేశరుసుము పెట్టిరి. పదునొకండేండ్లకు, 1869లో, సిన్సినాటి నగరపు జట్టు తన ఆటగాండ్రందరికిని బాహాటముగా జీతములిచ్చెను. చూచువాడు వెల చెల్లించుటయు, ఆడువాడు జీతము పుచ్చుకొనుటయు అక్కడ చేయి చేయి పట్టుకొని నడచినవి. మనయొద్ద అట్లు జరుగలేదు. మనకు నడుమ నవాబులుండిరి.

1930-31లో నవాబు మొయినుద్దౌలా పేర సికిందరాబాదులో బంగారుకప్పు పోటీలు మొదలైనవి. విజయనగర రాజకుమారుడు జట్టు కూర్చుకొని వచ్చెడివాడు. వెస్టిండీసు వీరుడు లియరీ కాన్‌స్టంటైన్ సయితము 1934లో ఇక్కడ ఆడెను. ఆట గొప్పది, సందేహము లేదు. అయితే ఆ ఆటకు ఇల్లాలును ఇంటివాడును నవాబే. ఆటగాడు ఆయనకు అతిథి. మంచి ఆసనములలో కూర్చున్నవారును అతిథులే. తక్కిన ప్రజ దూరమున నిలిచి చూచెడిది.

ఆ రోజులలో జనగామ ప్రాంతపు రైతు స్థితి యెట్టిదో వేరుగ చెప్పవలెనా? వెట్టిచాకిరికి కూలి లేదు. కూలి లేనివానికి టిక్కెట్టు మాట యెక్కడిది? దొరగారి గడియలో పని మాని ఒక పగలు తనదనుకొనుటకే వీలులేని కాలమది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగెను. 1948 సెప్టెంబరులో నిజాము ఏలుబడి ముగిసెను. ఆట చరిత్రలో వీనికేమి పని యని కొందరడుగవచ్చును. చేతిలో కొంత రొక్కము, తనదైన ఒక దినము, ఈ రెండును ఉన్నవాడే ప్రేక్షకుడు కాగలడు. ఆ రెండింటికొరకును మన పల్లెలు పోరాడినవి.

1955 నవంబరు 19న ఫతే మైదానములో హైదరాబాదు నగరపు మొట్టమొదటి టెస్టు ఆట ఆరంభమయ్యెను. గోలకొండను గెలిచిన మొగలుసేన విడిసిన స్థలమని ప్రతీతి గల ఆ మైదానమున, న్యూజిలాండుపై మన నాయకుడు హైదరాబాదీయుడే యగు గులాం అహమ్మదు. ఉమ్రిగరు 223 పరుగులు తీసెను. టెస్టులలో భారతీయుడు రెండు వందలు దాటుట అదే తొలిసారి. మంజ్రేకరు 118, తొలి టెస్టు ఆడుచున్న కృపాలుసింగు 100 తీయగా మనవారు నాలుగు వికెట్లకు 498 వద్ద ఆట చాలించిరి. సుభాష్ గుప్తే ఏడు వికెట్లు కూల్చినను ఆట తేలలేదు. వెల యిచ్చి కూర్చున్నవానికి ఇక్కడ నవాబుతో పనిలేదు. బంతి తప్పి పట్టినవానిని నోరారా తిట్టు హక్కు టిక్కెట్టుతోపాటే వచ్చును. అతిథికి ఆ హక్కు లేదు. నా దృష్టిలో టిక్కెట్టు చేసిన గొప్ప మేలు ఇదియే.

అయిదు దినముల ఆటకు అయిదు దినముల కూలి పోగొట్టుకొనలేని వారికి రేడియో యుండెను. బొంబాయిలో 1934లోనే తల్యార్‌ఖాన్ మైదానమునుండి ఆటను వర్ణించి చెప్పెను. హైదరాబాదులోని దక్కను రేడియో 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణిలో చేరెను. ఇంగ్లీషు రానివారు సయితము పరుగుల లెక్క తెలిసినవాని చుట్టు మూగెడివారు. ఆ వినికిడికి టిక్కెట్టు లేదు.

2005లో ఉప్పల్ క్రొత్త క్రీడాంగణమున నవంబరు 16న భారత, దక్షిణాఫ్రికా జట్లు తొలి అంతర్జాతీయపు ఆట ఆడెను. దీనివలన మన ప్రాంతమువారికి పెద్ద సౌకర్యము కలిగినది. వరంగల్లు దారిన వచ్చు బస్సు భువనగిరి, ఘటకేసరము దాటి నగరములో కాలు పెట్టునది ఉప్పల్ చౌరస్తాలోనే గదా! ఫతే మైదానము నగరము నడిబొడ్డున నుండగా, క్రొత్త మైదానము జనగామవైపు కొంత నడచి వచ్చినట్లయినది.

2008లో ఆటగాండ్రను వేలములో కొను కాలము వచ్చెను. హైదరాబాదు పేర డెక్కన్ ఛార్జర్సు అను జట్టు పుట్టెను. ఆ యేడు టిక్కెట్టు కొని ఉప్పల్ పోయినవారు చూచినది ఓటములే. సొంత మైదానములో ఒక్క ఆటయు గెలువలేదు. మరుసటి యేడు, 2009 మే 24న, ఆ జట్టే విజేతయయ్యెను. ఎక్కడ? జొహన్నెస్‌బర్గులో! మనదేశమున ఎన్నికలుండుటచే పోటీలన్నియు దక్షిణాఫ్రికాకు తరలినవి. 2010లో తెలంగాణ ఉద్యమ కారణమున నగరములో ఆటలే జరుగలేదు. ఓడినప్పుడు టిక్కెట్టు దొరికెను. గెలిచినప్పుడు కొనుటకు టిక్కెట్టే లేదు. 2013లో సన్‌రైజర్సు వచ్చి 2016లో గెలిచిరి. అదియు బెంగుళూరిలో.

ఇక టిక్కెట్టు సంపాదించు పాట్లు. 2022 సెప్టెంబరు 25న ఆస్ట్రేలియాతో ఆట యుండగా, 22వ తేదీన సికిందరాబాదు జింఖానా మైదానములో టిక్కెట్లు అమ్ముదురని తెలిసి తెల్లవారుజామునుండియే వేలమంది గుమిగూడిరి. త్రొక్కిసలాట జరిగి, పోలీసులు లాఠీలు ఝళిపింపగా, పలువురు గాయపడిరి. ఒకనాడు బంగారుకప్పు పోటీలకు పేరుపొందిన సికిందరాబాదులోనే ఇది జరిగినది. ఇప్పుడు అమ్మకము చాలవరకు టెలిఫోనులోనే. మానుకోటలో కూర్చుండి తెరను నొక్కుచుండగనే టిక్కెట్లు అయిపోవును. వరుసలో నిలుచువానికి ముందెందరున్నారో కనబడెడిది. ఇందులో అదియు కనబడదు. ఉచితపు టిక్కెట్లు మాత్రము నవాబుల కాలముతో పోలేదు. వానిని గూర్చి జట్టు యాజమాన్యమునకు, క్రికెట్టు సంఘమునకు కలిగిన వివాదము 2025లో ప్రభుత్వ విజిలెన్సు విచారణ దాక పోయెను.

వెల సంగతియు చెప్పవలెను. 2017 జూలై 1 నుండి ఈ లీగు ఆటల టిక్కెట్టుపై నూటికి 28 చొప్పున పన్ను. 2025 సెప్టెంబరు 22 నుండి అది 40 అయినది. వేయి రూపాయల టిక్కెట్టు 1,400. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు పోయినచో 5,600. అందు పన్నే 1,600. చవుక టిక్కెట్టువాడు నాటకపు డేరాలో వేదికకు దగ్గరగా నేలపై కూర్చుండెడివాడు. ఉప్పల్‌లో అతడు మేడ మెట్లెక్కి ఆకాశమునకు దగ్గరగా కూర్చుండును.

రాత్రి ఏడున్నరకు మొదలైన ఆట పదునొకండు దాటినగాని ముగియదు. అప్పుడు ఉప్పల్ చౌరస్తాలో చూడవలెను: నారింజరంగు చొక్కాలు తొడిగి, నిద్రపోవు పిల్లలను భుజమున వేసికొని, వరంగల్లు బస్సుకొరకు నిలిచినవారు. బస్సు వచ్చును. ఎక్కినవారు ఆఖరు ఓవరును గూర్చి ఇంకను వాదులాడుకొనుచునే యుందురు. వారి నడుమనుండి కండక్టరు ‘టిక్కెట్టు, టిక్కెట్టు’ అనుచు వచ్చును.