పాత విండోస్‌ను వదలవలసి వచ్చినప్పుడు: వైరస్‌లు, లైనక్స్, మన తెలుగు ఫైళ్లు

కంప్యూటరును నడిపించే మూల వ్యవస్థను ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. మీట నొక్కగానే తెరపై అక్షరం కనిపించడం మొదలు, ఫైలును డిస్కులో దాచడం, ప్రింటరుకు పంపడం వరకు సమస్తమూ దాని ద్వారానే జరుగుతుంది. విండోస్, లైనక్స్, ఆపిల్ వారి మాక్ ఓఎస్ ఇటువంటివే. ఒకదాని నుండి మరొకదానికి మారడం కాపురం మార్చడం వంటిది. ఎవరూ సరదాకు చేయరు. ఈ వ్యాసకర్త ఎరిగిన సరిహద్దు పల్లెలలో ఆ పని చేసినవారు దాదాపు అందరూ వైరస్‌ల బాధ భరించలేక చేసినవారే. అయితే మారిన పిదప వారిని ఎక్కువగా ఇబ్బంది పెట్టింది కొత్త వ్యవస్థ కాదు, పాత ఫాంట్లలో దాచుకొన్న తెలుగు. కనుక ఈ రెండు విషయాలనూ కలిపి వివరించవలసి వస్తున్నది.

పెన్‌డ్రైవు తెచ్చిన తెగులు

విండోస్ ఎక్స్‌పీ 2001 అక్టోబరు 25న విడుదలయింది. మన పల్లెలకు కంప్యూటర్లు వచ్చిన తొలి సంవత్సరాలలో ఎక్కువ ఇళ్లలో నడిచినది అదే. ఆనాడు ఇంటర్నెట్ లేని ఇల్లే ఎక్కువ. ఇంటర్నెట్ లేదు గనుక వైరస్ రాదని నమ్మినవారూ ఎక్కువే. కాని పెళ్లిపత్రిక కోసం డీటీపీ దుకాణానికి, ఫోటోల కోసం స్టూడియోకు, ప్రాజెక్టు రిపోర్టు కోసం కాలేజీకి ఒకటే పెన్‌డ్రైవు తిరిగేది. అది పోయిన ప్రతి చోటి నుండీ ఏదో ఒకటి అంటించుకొని వచ్చేది.

ఈ వైరస్‌ల పద్ధతులు మూడు విధాలు. మొదటిది ఆటోరన్. పెన్‌డ్రైవును తగిలించినప్పుడు గాని, దాని గుర్తును నొక్కినప్పుడు గాని అందులోని ప్రోగ్రామును తానుగా నడిపే సదుపాయమది. సీడీల కోసం ఏర్పరచిన ఆ సౌకర్యం పెన్‌డ్రైవులకు శాపమయింది. రెండవది మారువేషం. విండోస్ సాధారణంగా ఫైలు పేరు చివరి తోకను చూపదు. అందువలన పసుపుపచ్చని ఫోల్డరు బొమ్మ తగిలించుకొన్న ప్రోగ్రాము అచ్చం ఫోల్డరువలెనే కనిపిస్తుంది, తెరవబోతే నడుస్తుంది. మూడవది అందరికీ తెలిసిన షార్ట్‌కట్ వైరస్. అది మన ఫోల్డర్లను కనిపించకుండా దాచి, అదే పేర్లతో షార్ట్‌కట్లు పెడుతుంది. ఫైళ్లు పోయాయని మనం కంగారుపడతాము. నిజానికి అవి ఎక్కడికీ పోవు. ఈ మాట గుర్తుంచుకొనవలెను, మరల దీని అవసరం కలుగుతుంది.

ఎక్స్‌పీలో ఇంట్లో వాడే ఖాతా సాధారణంగా సర్వాధికారాలు గల అడ్మినిస్ట్రేటర్ ఖాతాయే. కాబట్టి ఆ ఖాతాలో నడిచిన వైరస్‌కు కూడా సర్వాధికారాలు దక్కేవి. 2008 నవంబరులో బయటపడిన కాన్‌ఫికర్ అనే వార్మ్ నెట్‌వర్కు ద్వారా వ్యాపించి, తరువాతి రూపాలలో పెన్‌డ్రైవుల ద్వారా కూడా పాకింది. అది ప్రవేశించిన రంధ్రాన్ని పూడ్చే సవరణను మైక్రోసాఫ్ట్ ఒక నెల ముందే, అక్టోబరు 23న విడుదల చేసింది. కాని ఇంటర్నెట్ లేని ఇంటికి ఆ సవరణ ఎట్లా చేరుతుంది? పెన్‌డ్రైవుల ఆటోరన్‌ను అడ్డగించే సవరణ 2011 ఫిబ్రవరిలో విండోస్ అప్‌డేట్ ద్వారా వచ్చింది. అదీ ఇంటర్నెట్ ఉన్నవారికే అందింది.

2014 ఏప్రిల్ 8తో ఎక్స్‌పీకి భద్రతా సవరణలు నిలిచిపోయాయి. 2017 మే 12న వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతటా కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళం వేసి, 300 డాలర్ల విలువ గల బిట్‌కాయిన్ అడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. ఇక్కడ ఒక అపోహను తొలగించాలి. నాడు ఎక్కువగా దెబ్బతిన్నది ఎక్స్‌పీ కాదు, విండోస్ 7. దానికి సవరణ మార్చి 14ననే వచ్చింది, వేసుకొననివారు నష్టపోయారు. పాతదనం ఒక లోపమైతే, చేతిలో ఉన్న మందును మింగకపోవడం మరొక లోపం.

లైనక్స్ ఏ విధంగా భిన్నం

లైనక్స్‌కు మూలమైన కెర్నెల్‌ను 1991లో ఫిన్లాండుకు చెందిన లైనస్ టోర్వాల్డ్స్ వ్రాశారు. దాని చుట్టూ ప్రోగ్రాములను కూర్చి ఉబుంటు, డెబియన్, లైనక్స్ మింట్ వంటి పేర్లతో ఉచితంగా పంచుతారు. మన దేశంలో సి-డాక్ సంస్థ డెబియన్ ఆధారంగా బాస్ అనే కూర్పును రూపొందించింది. హోసూరు, కృష్ణగిరి వైపు పాఠకులలో కొందరు దీనిని చూచియే ఉంటారు. 2011లో తమిళనాడు ప్రభుత్వం విద్యార్థులకు ఉచితంగా పంచిన లాప్‌టాప్‌లలో విండోస్‌తో పాటు బాస్ కూడా ఉండేది. చాలా మంది దానిని ఒక్కసారైనా తెరిచి చూడలేదన్నది వేరే సంగతి. 2023లో మన రక్షణ మంత్రిత్వ శాఖ కూడా సైబర్ దాడుల బెడద కారణంగా ఉబుంటు ఆధారిత మాయా అనే వ్యవస్థకు మారుతున్నట్లు వార్తలు వెలువడ్డాయి.

విండోస్ కోసం వ్రాసిన వైరస్ లైనక్స్‌లో నేరుగా నడవదు. పెన్‌డ్రైవులో అది ఒక చచ్చిన ఫైలువలె పడి ఉంటుంది. రోజువారీ ఖాతాకు సర్వాధికారాలు ఉండవు; వ్యవస్థను తాకే పని ఏదైనా పాస్‌వర్డు అడుగుతుంది. ప్రోగ్రాములను కూడా ఎక్కడపడితే అక్కడి నుండి తెచ్చుకొనక, ఆ కూర్పు నిర్వాహకులు పరిశీలించి ఉంచిన భాండారం నుండి దించుకొంటాము.

అంతమాత్రాన లైనక్స్‌కు వైరసే రాదనడం అతిశయోక్తి. సర్వర్లను పట్టే రాన్సమ్‌వేర్‌లు ఉన్నాయి. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే చిన్న ప్రోగ్రాములో ఎవరో రహస్య ద్వారం అమర్చిన సంగతి బయటపడింది. ప్రధాన స్థిర కూర్పులలోకి చేరక ముందే దానిని పట్టుకొన్నది మైక్రోసాఫ్ట్‌లో పనిచేసే ఇంజనీరు ఆండ్రెస్ ఫ్రాయిండ్ కావడం విశేషం. ఇక ఫోనులో ఓటీపీ అడిగి సొమ్ము కాజేసేవాడికి మన కంప్యూటరులో ఏ వ్యవస్థ ఉన్నదన్నది అక్కరలేదు.

తెలుగు ఫైళ్ల సంగతి

మాది కర్ణాటకలో పావగడ వైపు ఒక పల్లె. మా తాతగారు చెబుతూ ఉండగా మా నాయన వ్రాసిపెట్టిన వంశావళి ఒకటి ఉండేది. ఏ కరువుకు ఏ ఊరి నుండి వచ్చామో, ఎవరి భాగానికి ఏ చేను వచ్చిందో, ఎవరిని ఎక్కడ ఇచ్చామో అన్నీ అందులో ఉన్నాయి. నోటుపుస్తకం చెదలు పడుతున్నదని 2008లో పట్టణంలో టైపు చేయించాము. మా పిల్లలు కన్నడ మాధ్యమంలో చదువుతున్నవారు. ఇంటిలో తమ గురించి తెలుగులో వ్రాసి ఉన్నది వారికి అదొక్కటే.

కొన్నాళ్లకు షార్ట్‌కట్ వైరస్ వచ్చి ఆ ఫోల్డరు కనిపించకుండా పోయింది. బాగుచేయడానికి వచ్చినవారు ఇక ఏమీ మిగలలేదని చెప్పి డిస్కు మొత్తం ఫార్మాట్ చేశారు. పైన చెప్పినట్లు ఫైళ్లు దాగి ఉన్నాయే తప్ప పోలేదు. ఆ రోజున లైనక్స్ పెన్‌డ్రైవుతో కంప్యూటరును తెరిచి ఉంటే అన్నీ కంటికి కనిపించేవి, ఎందుకనగా విండోస్‌లో దాచిన గుర్తు పెట్టిన ఫైళ్లను లైనక్స్ సాధారణంగా దాచదు. ఇది మాకు తరువాత తెలిసింది. అదృష్టవశాత్తు టైపు చేసినవారు ఇచ్చిన సీడీ ఒకటి బీరువాలో దొరికింది.

మరి రెండుసార్లు ఇటువంటి ఫార్మాట్లు జరిగిన పిమ్మట, మా చిన్నాయన కుమారుని పోరు మీద, అయిష్టంగానే లైనక్స్ మింట్‌కు మారాము. సీడీ పెట్టి వంశావళి తెరిచాము. ఒక్క తెలుగు అక్షరం లేదు. అన్నీ ఇంగ్లీషు అక్షరాలు, గీతలు, ఐరోపా భాషల చుక్కల గుర్తులు. వైరస్ చేయలేని పని మేమే చేసుకొన్నామా అని మా నాయన ఆ రోజు అన్నం తినలేదు.

కారణం ఇది. అను, శ్రీలిపి వంటి పాత పద్ధతులలో కంప్యూటరు దాచేది తెలుగు అక్షరాన్ని కాదు. ఇంగ్లీషు తదితర గుర్తుల సంఖ్యలనే దాచి, ఆ స్థానాలలో తలకట్లు, గుడులు, వత్తుల బొమ్మలను ఫాంటు ద్వారా చూపుతుంది. ఫాంటు లేకపోతే మిగిలేది ఆ గుర్తులే. యూనికోడ్‌లో అట్లా కాదు. తెలుగు అక్షరానికి తనదైన సంఖ్య ఉంటుంది. 1991 నాటి తొలి యూనికోడ్ నుండే తెలుగుకు అందులో చోటున్నది. ఎక్స్‌పీతో పాటు గౌతమి అనే యూనికోడ్ ఫాంటు కూడా వచ్చింది. కాని దానిని పనిచేయించడానికి సెట్టింగులలో ఒక గడిలో టిక్కు పెట్టి, ఎక్స్‌పీ సీడీని మరల పెట్టవలసి వచ్చేది. పైగా అచ్చుపని అంతా పేజ్‌మేకర్‌లో జరిగేది, దానికి యూనికోడ్ తెలుగు రాదు. అందుచేత దుకాణాలు పాత పద్ధతినే కొనసాగించాయి. మన పెళ్లిపత్రికలు, గుడి కరపత్రాలు, సంఘం మినిట్సు, వంశావళులు అన్నీ ఆ రూపంలోనే మిగిలాయి. కన్నడంలో నుడి, బరహ పాత ఫాంట్లలో చేసుకొన్న అర్జీలదీ ఇదే గతి.

తిరిగి రాబట్టే మార్గాలు లేకపోలేదు. అన్నిటికన్నా ముందు, పాత కంప్యూటరు ఇంకా నడుస్తూ ఉండగానే ప్రతి ఫైలునూ ఫాంట్లతో సహా పీడీఎఫ్‌గా చేసి ఉంచవలెను. అప్పుడు రూపమైనా మిగులుతుంది, ఎక్కడైనా అచ్చు తీయవచ్చును. ఆ తరువాత మూలపాఠాన్ని అను నుండి యూనికోడ్‌కు మార్చే ప్రోగ్రాములో పెట్టాలి. పత్రికల పాత ఫాంట్లకు పద్మ అనే ఫైర్‌ఫాక్స్ అనుబంధం ఎంతో ఉపకరించేది, కాని 2017 నవంబరులో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 57తో పాత అనుబంధాలన్నీ ఆగిపోయాయి. పేజ్‌మేకర్ ఫైళ్లను 2015 నాటి లిబ్రెఆఫీస్ 4.4 నుండి లైనక్స్‌లోనే తెరువవచ్చును, యథాతథంగా వస్తాయని మాత్రం ఆశించరాదు. మేము తెలిసినవారి ఇంట మూలనున్న ఎక్స్‌పీ కంప్యూటరులో సీడీ పెట్టి పీడీఎఫ్ తీసుకొని, పాఠాన్ని మార్పించుకొన్నాము. వత్తులు చాలా చోట్ల తారుమారయ్యాయి. ఒక వాక్యంలో చనిపోయినవారు మరొక వాక్యంలో పెండ్లి చేసుకొన్నారు! పీడీఎఫ్‌ను పక్కన పెట్టుకొని వరుసగా చదివి దిద్దుకొనడం తప్ప వేరు దారి లేదు.

కొత్తగా టైపు చేయడానికి లైనక్స్‌లో కొరత లేదు. ఇన్‌స్క్రిప్టు అమరిక సిద్ధంగా ఉంటుంది. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు వ్రాసే ఆర్‌టీఎస్ పద్ధతి, ఆపిల్ పేరిట ఒక అమరిక కూడా ఐబస్ అనే సదుపాయం ద్వారా లభిస్తాయి. పోతన, వేమన, లోహిత్ ఫాంట్లు భాండారంలోనే దొరుకుతాయి. కన్నడం, తమిళం, ఒడియా, మరాఠీలను కూడా ఒక మీటతో మార్చుకొంటూ ఒకే కాగితంలో వ్రాయవచ్చును. రెండు భాషలలో అర్జీలు పెట్టుకొనే మన ఇళ్లకు ఇది చిన్న సౌకర్యం కాదు.

మారబోయేవారికి

ఫైళ్లన్నిటినీ మొదట వేరొక డిస్కుకు ఎక్కించండి. ఆపై లైనక్స్ పెన్‌డ్రైవు తయారుచేసుకొని, డిస్కులో ఏమీ వ్రాయకుండా దాని నుండే కొన్నాళ్లు నడిపి చూడండి. ప్రింటరు, వైఫై, శబ్దం పనిచేస్తున్నవో లేవో అప్పుడే తెలుస్తుంది. జిరాక్సు దుకాణాలలో విరివిగా కనిపించే చిన్న లేజర్ ప్రింటర్లలో కొన్ని లైనక్స్‌తో మొండికేస్తాయి. విండోస్ 8 లేదా తరువాతిదైతే ఫాస్ట్ స్టార్టప్‌ను ఆపి పూర్తిగా షట్‌డౌన్ చేయవలెను, లేకపోతే ఆ డిస్కు లైనక్స్‌లో చదవడానికే గాని వ్రాయడానికి వీలుపడకపోవచ్చును. బిట్‌లాకర్ తాళం ఉంటే రికవరీ కీని ముందే కాగితం మీద వ్రాసుకొనండి.

మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ కూర్పుకు కనీసం 2 జీబీ ర్యామ్ ఉండాలి, 4 ఉంటే సుఖం. మరీ పాత 32 బిట్ యంత్రాలకు దారి దాదాపు మూసుకొన్నది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో వాటికి ఇన్‌స్టాలర్ లేదు.

అందరూ మారవలసిన పని కూడా లేదు. టాలీతో లెక్కలు వ్రాసేవారు, వేలిముద్ర యంత్రంతో సేవాకేంద్రం నడిపేవారు, పేజ్‌మేకర్ మీద బతుకుతున్నవారు విండోస్‌లో ఉండక తప్పదు. వారు సవరణలు వస్తున్న విండోస్‌లో ఉండాలి. విండోస్ 10కి ఉచిత సవరణల గడువు 2025 అక్టోబరు 14తో ముగిసింది; నమోదు చేసుకొన్న గృహ వినియోగదారులకు 2026 అక్టోబరు 13 వరకు పొడిగింపు ప్రకటించారు. విండోస్ 11కు టీపీఎమ్ 2.0 అనే భద్రతా చిప్పు అవసరం కనుక చాలా పాత యంత్రాలు దానికి పనికిరావు. అటువంటి యంత్రాలకే లైనక్స్ ఎక్కువగా అక్కరకు వస్తుంది.

మా ఇంట ఇప్పుడు ఇంకొక ఎక్స్‌పీ యంత్రం కూడా ఉన్నది. దానికి ఇంటర్నెట్ లేదు, పెన్‌డ్రైవు పెట్టనివ్వము. చుట్టుపక్కల వారు పాత సీడీలు తెస్తే తెరిచి, పీడీఎఫ్ చేసి, సీడీ మీదనే వ్రాసి ఇస్తున్నాము. వంశావళిలో సగం పైగా దిద్దడం పూర్తయింది. మిగిలిన పేజీలను మా నాయన రోజుకు ఒకటి చొప్పున చదువుతున్నారు.