భారత ఫుట్‌బాల్ స్వర్ణయుగం

1951–1962 మధ్య భారత పురుషుల జట్టు ఆసియాలో అగ్రశ్రేణిలో నిలిచిన కాలం. దీని ప్రధాన శిల్పి హైదరాబాదుకు చెందిన శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం. ఉపాధ్యాయ వృత్తి నుంచి వచ్చిన ఆయనను అందరూ ‘రహీం సాబ్’ అనేవారు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది.

1951 ఢిల్లీ ఆసియా క్రీడల ఫైనల్లో ఇరాన్‌పై 1–0తో స్వర్ణం దక్కింది. మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌లో, పలువురు ఆటగాళ్లు బూట్లు లేకుండానే దిగిన మ్యాచ్‌లో, యుగోస్లావియా భారత్‌ను 10–1తో చిత్తు చేసింది. 1956 మెల్‌బోర్న్‌లో నెవిల్ డిసౌజా హ్యాట్రిక్‌తో ఆస్ట్రేలియాను 4–2తో ఓడించిన భారత్ నాలుగో స్థానం పొందింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మనకు అదే అత్యుత్తమం.

అన్నింటికీ శిఖరం 1962 జకార్తా ఆసియా క్రీడలు. తొలి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో ఓటమి. తర్వాత డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. అతణ్ని పక్కన పెట్టకుండా రహీం ఫార్వర్డ్‌గా ఆడించారు. అసాధారణ సాహసమది. సెప్టెంబర్ 4న ఫైనల్లో అదే కొరియాపై పి.కె. బెనర్జీ, జర్నైల్ చెరో గోల్ కొట్టగా భారత్ 2–1తో నెగ్గింది. సికింద్రాబాద్ బిడ్డ తులసీదాస్ బలరాం ఆ జట్టులో కీలకం. ఆయనకు దక్కాల్సినంత పేరు దక్కలేదు.

క్యాన్సర్‌తో రహీం 1963లో మరణించారు. ఆ తర్వాత భారత్‌కు 1964 ఆసియా కప్‌లో రెండో స్థానం, 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం వచ్చాయి.