బొటనవేలి గోరు మీద రెండు శతాబ్దాల పగ

సర్జరీ పుస్తకాల్లో పేగులకూ పిత్తాశయానికీ అధ్యాయాలకు అధ్యాయాలు ఉంటాయి. బొటనవేలి గోరు కండలోకి దిగే జబ్బుకు అర పేజీ ఇస్తే గొప్ప. ప్రభుత్వాసుపత్రి మైనర్ ఓటీలో ఏళ్లు గడిపిన నాబోటివాడికి మాత్రం ఇవే ఎక్కువ తగిలాయి. వేలికి నిమ్మకాయ తొడుక్కుని, కుంటుకుంటూ వచ్చేవారు. నిమ్మకాయ తీస్తే గోరు పక్కన చీము, ఎర్రటి దుర్మాంసం, దుప్పటి తగిలినా ప్రాణం పోయేంత నొప్పి. దీనికి పూర్వం చేసిన వైద్యం చూస్తే మాత్రం గోరుచుట్టు మీద రోకటి పోటే.

రోకలి పట్టినవాళ్లలో పెద్దచెయ్యి పారిస్ సర్జన్ డ్యుపుట్రాన్‌ది. అరచేతిలో వేళ్లు ముడుచుకుపోయే జబ్బుకు ఇప్పటికీ ఆయన పేరే. పదునైన మొన ఉన్న కత్తెరలో ఒక అలుగును గోరు కింద, సరిగ్గా నడిమధ్యన, మొదలంటా ఒక్క తోపు తోసేవాడు. ఒక్క కోతకు గోరు రెండు చెక్కలు. పుండున్న వైపు చెక్కను ఫోర్సెప్స్‌తో పట్టి, చాప చుట్టినట్టు చుట్టి పెరికేసేవాడు. ఆయన పోయింది 1835లో. బోస్టన్‌లో ఈథర్ మత్తు లోకానికి చూపించింది 1846లో. రోగికి ఉన్న ఊరటల్లా సర్జన్ చెయ్యి చురుకైనది కావడమే.

ఇంత చేసినా చాలామందికి జబ్బు తిరగబెట్టేది. గోరు పుట్టేది పైకి కనిపించే పలకలో కాదు, వెనక చర్మం మడత కింద ఉన్న మూలంలో. పలకను పీకేస్తే ఏడాది, ఏడాదిన్నరకు కొత్తది వస్తుంది. ఈలోగా ముందున్న కండ ఉబ్బి దానికి అడ్డం నిలుస్తుంది. అందుకే తర్వాతివాళ్లు మూలం మీద పడ్డారు. 1929లో వినోగ్రాడ్ గోరు అంచునూ దాని మూలాన్నీ కలిపి కోసేయమన్నాడు. 1950లో జాడిక్ ఏకంగా మూలమంతా తీసేయమన్నాడు.

నాకు ముచ్చటేసేది ఈ ఇద్దరి మధ్య, 1945లో, బోల్ రాసిన ఫినాల్ పద్ధతి. ఈ ఫినాల్ 1865లో గ్లాస్గోలో సర్జన్ లిస్టర్ విరిగిన కాలి గాయానికి వాడిన కార్బాలిక్ యాసిడే. చర్మాన్ని కాల్చేస్తుందని సర్జన్లు విసుక్కున్న గుణాన్నే బోల్ పనికి పెట్టాడు. వేలి మొదట్లో రెండు పక్కలా లిగ్నోకైన్ మత్తు ఇచ్చి, రబ్బరు పట్టీ బిగించి, గోరు అంచున సన్నటి పీలిక తీస్తాం. ఆ సందులో రక్తం తుడిచి, దూదిపుల్లతో ఫినాల్ అద్దుతాం. తడి ఉంటే మందు పలచబడుతుంది, అంతా దండగ. తగిలిన చోట కండ తెల్లబడుతుంది, నరాల కొసలు కూడా మాడతాయి గనుక తర్వాత నొప్పి తక్కువ. కొన్ని వారాలు రసి కారుతుంది. దాన్ని చీము అనుకుని కంగారుపడి పరిగెత్తుకొచ్చేవాళ్లకు సర్దిచెప్పడమే మాకు అసలు పని.

1959లో వాండెన్‌బాస్, బవర్స్ అనే ఇద్దరు అమెరికా సైనిక వైద్య పత్రికలో అడ్డం తిరిగారు. నేరం గోరుది కాదు, బరువు పడ్డప్పుడు దాని మీదికి పొంగే కండది, గోరును ముట్టుకోకుండా కండనే కోయండి అన్నారు. సగమే ఒప్పుకుంటాను. ఇరుకు బూట్లలో కవాతు చేసే కుర్రాళ్ల విషయంలో వాళ్లది నిజమే. కానీ గోరు మూలను గుండ్రంగా, లోతుగా కత్తిరించుకుని, కొసన ముల్లులాంటి ముక్క వదిలేసి వచ్చేవాళ్లూ తక్కువేం కాదు. వాళ్ల వేలికి కండ కోత దేనికి? ఆ ముల్లు తీసేస్తే చాలామంది మర్నాటికే చెప్పులేసుకుని నడిచారు.