తడి గోడ, పొడి గోడ: కుడ్యచిత్రాల కథ

"అజంతా ఫ్రెస్కోలు" అనే మాట చరిత్ర పాఠం చెప్పేటప్పుడు మన నోట అలవోకగా వస్తుంది. పుస్తకాలలోను ఈ మాటే తరచుగా కనిపిస్తుంది. కాని రసాయనశాస్త్ర దృష్టితో చూస్తే ఇది సరియైన మాట కాదు. పేరు తప్పినంత మాత్రాన బొమ్మ మారిపోతుందా అని విద్యార్థులు అడగవచ్చు. బొమ్మ మారదు. కాని అది ఏ పద్ధతిలో తయారైనదో తెలియకుండా దానిని శుభ్రం చేయబోతే, చివరకు బొమ్మే మిగలకపోవచ్చు. అందుచేత ఈ పేర్ల వెనుక ఉన్న కథను తెలుసుకొనడం అవసరం.

గోడమీద వేసిన చిత్రం ఏదైనా కుడ్యచిత్రమే. కుడ్యమంటే గోడ. ఈ మాట చిత్రం ఎక్కడ ఉన్నదో చెబుతుంది కాని, ఎట్లా తయారైనదో చెప్పదు. దానిని చెప్పే మాటలు వేరే ఉన్నవి. ఇటాలియన్ భాషలో ఫ్రెస్కో అంటే తాజా అని అర్థం. ఇంకా ఆరని సున్నపు గచ్చుమీద, కేవలం నీటితో నూరిన రంగులు వేస్తే అది ఫ్రెస్కో. సెక్కో అంటే ఎండినది. గచ్చు ఆరిన తరువాత రంగులు వేస్తే అది సెక్కో. రంగుపొడిని జిగురులోనో గుడ్డుసొనలోనో కలిపి వేసే పద్ధతికి టెంపెరా అని పేరు.

సున్నం చేసే పని

ఏ చిత్రానికైనా రెండు వస్తువులు కావలెను. ఒకటి రంగునిచ్చే వర్ణద్రవ్యం. రెండవది దానిని గోడకు అంటిపెట్టి ఉంచే బంధకం. టెంపెరాలో బంధకం జిగురు. మరి ఫ్రెస్కో రంగులలో నీరు తప్ప మరేమీ లేదు కదా, అవి ఎట్లా నిలుస్తున్నవి?

సున్నపు తేటలోకి గొట్టంతో ఊదితే అది పాలవలె తెల్లబడుతుందని ప్రతి ఉన్నతపాఠశాల విద్యార్థికి తెలుసు. ఫ్రెస్కో రహస్యం అంతా అందులోనే ఉన్నది. సున్నపురాయిని బట్టీలో కాల్చితే బొగ్గుపులుసు వాయువు, అనగా కార్బన్ డయాక్సైడు, బయటికి పోయి పొడిసున్నం మిగులుతుంది. దానికి నీరు చేరిస్తే తడిసున్నం అవుతుంది. ఈ తడిసున్నంలో ఇసుక కలిపి గోడకు పూస్తే, గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని అది క్రమంగా తిరిగి కాల్షియం కార్బొనేటుగా మారుతుంది. బట్టీలో పోగొట్టుకొన్నదానిని గోడమీద తిరిగి సంపాదించుకొంటుందన్నమాట. ఆ మార్పు జరిగేటప్పుడు ఏర్పడే సన్నని స్ఫటికాలలో రంగు కణాలు చిక్కుకొనిపోతవి. అప్పుడు రంగు గోడ పైపూతగా కాక గోడలో భాగమే అవుతుంది.

పనివారికి ఈ కిటుకు ఎంతోకాలంగా తెలుసు. సుమారు 1400 ప్రాంతంలో చెన్నినో చెన్నీని అనే ఇటలీ చిత్రకారుడు తన గ్రంథంలో ఈ పద్ధతిని వివరించినాడు. కాని కారణం తెలియడానికి మూడున్నర శతాబ్దాలు పట్టింది. సున్నపురాయిలో ఒక వాయువు బంధించబడి ఉన్నదని, కాల్చితే అది విడిపోతుందని జోసెఫ్ బ్లాక్ 1756లో ప్రచురించిన పరిశోధనలో నిరూపించినాడు.

ఇద్దరు మహాచిత్రకారులు

ఫ్రెస్కోలో తీరిక ఉండదు. గచ్చు ఆరేలోపల పని ముగియవలెను. అందుచేత చిత్రకారుడు ఆ రోజు పూర్తి చేయగలిగినంత మేరకే గచ్చు పూయిస్తాడు. 1508 నుండి 1512 వరకు రోమునగరంలో సిస్టైన్ ప్రార్థనామందిరం పైకప్పును మైకలాంజిలో ఈ విధంగానే చిత్రించినాడు. ఒకనాటి పూతకు, మరునాటి పూతకు మధ్య ఉన్న అతుకులను నిపుణులు ఈనాటికీ గుర్తించగలరు.

లియొనార్డో డావించికి ఈ తొందర నచ్చలేదు. ఆయన నిదానంగా ఆలోచించి, దిద్దుకొంటూ పనిచేసేవాడు. మిలాన్ నగరంలో 1495-1498 ప్రాంతంలో "చివరి విందు" చిత్రాన్ని ఆరిన గోడమీదనే వేసినాడు. గోడ చెమ్మకు రంగు పట్టు వదలినది. 1517 నాటికే, అంటే ఆయన జీవించి ఉండగానే, చిత్రం పాడవుతున్నదని చూసినవారు వ్రాసినారు. దానిని బాగుచేయడానికి 1978లో ప్రారంభమైన పని 1999 వరకు సాగినది.

అజంతా, తంజావూరు

ఇక మన దేశానికి వద్దాము. అజంతాలో కరకు కొండరాతిమీద మట్టి, ఊక, నారపీచు కలిపి మెత్తినారు. దానిపైన పలుచగా సున్నపు పూత వేసినారు. అది ఆరిన తరువాత జిగురు కలిపిన రంగులతో చిత్రించినారు. కనుక ఇది టెంపెరా. మదరాసు మ్యూజియంలో రసాయన శాస్త్రజ్ఞుడుగా ఉన్న ఎస్. పరమశివన్ 1930 తరువాతి సంవత్సరాలలో మన కుడ్యచిత్రాలను శాస్త్రీయంగా పరీక్షించినారు. తంజావూరు బృహదీశ్వరాలయంలో చోళులనాటి చిత్రాలు 1931లో బయటపడినవి. వాటి రంగులకు సున్నమే బంధకమని, అవి నిజమైన ఫ్రెస్కోలని ఆయన నిర్ణయించినారు. రెండూ గోడమీది బొమ్మలే అయినా వాటి స్వభావాలు వేరు.

ఈ భేదం ఎందుకు ముఖ్యం? జిగురు చెమ్మకు మెత్తబడుతుంది. రాయిగా మారిన సున్నం మెత్తబడదు. ఒకదానికి తగిన చికిత్స రెండవదానికి హాని కావచ్చు. అజంతా ఇందుకు సాక్ష్యం. పందొమ్మిదవ శతాబ్దిలో నకళ్లు వ్రాసుకొన్న చిత్రకారులు, బొమ్మలు స్పష్టంగా కనిపించడానికి వాటిపై వార్నిష్ పూసినారు. తరువాత నైజాం ప్రభుత్వం 1920లో ఇటలీ నుండి నిపుణులను పిలిపించినది. రాలిపోతున్న పెచ్చులను వారు శ్రద్ధగా అతికించినారు. కాని వారు వాడిన లక్కపూత కాలక్రమాన పసుపెక్కి, దుమ్ము పట్టి, రంగులను కప్పివేసినది. మంచి ఉద్దేశంతోనే పూసిన ఆ పొరలను నెమ్మదిగా తొలగించే పని భారత పురావస్తుశాఖ రసాయనజ్ఞులపై పడినది.

ఉపాధ్యాయులు ఈ భేదాన్ని తరగతిలోనే చూపవచ్చు. రెండు పెంకులమీద తడిసున్నం, ఇసుక కలిపిన గచ్చు పూయండి. ఒకదానిమీద తడిగా ఉండగానే నీటిలో కలిపిన జాజుతో గీత గీయండి. రెండవదానిమీద నెలరోజులు ఆగి, అదే జాజుతో గీయండి. అది కూడా ఆరిన తరువాత రెండింటినీ తడిగుడ్డతో తుడిచి చూడండి. తడిసున్నం చర్మానికి, కళ్లకు హాని చేస్తుంది కనుక గచ్చు పని ఉపాధ్యాయుడే చేతితొడుగులు వేసుకొని చేయవలెను.

ఇకమీదట విద్యార్థులతో లేపాక్షికో మరొక ఆలయానికో వెళ్లినప్పుడు, పైకప్పుమీది బొమ్మలను చూడగానే ఫ్రెస్కో అనవద్దు. కుడ్యచిత్రమంటే చాలు. ఆ గచ్చు తడిగా ఉండగా రంగు పడినదా, ఆరినాక పడినదా అనే ప్రశ్న విద్యార్థులనే అడగండి. దానికి సమాధానం కంటిచూపుతో కాక, రసాయనశాలలో దొరుకుతుంది.