తేట నీళ్ళన్నీ మంచి నీళ్ళు కావు

పోయినేడాది మా ఊళ్ళో నీటి పైపు పగిలి, నీళ్ళు కాచుకుని తాగమని ఫోన్లకి కబురొచ్చింది. అప్పుడు మా ఇంట్లోనే ఉన్న నాన్నగారికి కీమోథెరపీ నడుస్తోంది. "కుళాయి నీళ్ళు అద్దంలా ఉన్నాయి, ఏం కాదులే" అన్నాన్నేను. అమ్మ మాత్రం మారు మాట్లాడకుండా పెద్ద గిన్నెడు నీళ్ళు పొయ్యి మీద పెట్టేసింది. అమ్మ చేసిన పని విలువ మిల్వాకీ సంగతి చదివాక గానీ నాకు తెలియలేదు.

మిల్వాకీ విస్కాన్సిన్ రాష్ట్రంలో మిషిగన్ సరస్సు ఒడ్డునున్న నగరం. తాగేది ఆ సరస్సు నీళ్ళే. 1993 ఏప్రిల్ మొదటి వారంలో అక్కడ బడులకు పిల్లలూ టీచర్లూ, ఆసుపత్రులకు ఉద్యోగులూ రావడం తగ్గిపోయింది. అందరిదీ ఒకటే బాధ: నీళ్ళ విరేచనాలు, కడుపునొప్పి. ఏప్రిల్ 7 రాత్రి, నీళ్ళు కాచి తాగమని మేయరు ప్రకటించారు. రెండు రోజులకు దక్షిణం వైపు నీటిశుద్ధి కేంద్రాన్ని మూసేశారు. జబ్బుపడినవాళ్ళు 4,03,000 మంది ఉంటారని తరువాత అంచనా వేశారు.

కారణం క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి. మనుషుల, పశువుల మలం ద్వారా నీళ్ళలో చేరుతుంది. పరిమాణం మిల్లీమీటరులో సుమారు రెండువందలో వంతు. కలరా, టైఫాయిడ్ క్రిములను చంపే క్లోరిన్‌కు ఇది లొంగదు, దీని పైపెంకు అంత గట్టిది. వడపోతలోనే ఆపాలి. ఆ మార్చి నెలాఖరులో ఆ కేంద్రంలో శుద్ధిచేసిన నీటిలో మసక పెరిగింది. అయినా అప్పటి నిబంధనల లెక్కలో ఆ నీళ్ళు మంచివే!

ఆరోగ్యవంతులు ఒకటి రెండు వారాల్లో కోలుకున్నారు. రోగనిరోధక శక్తి తగ్గినవాళ్ళు కోలుకోలేకపోయారు. 50 మందికి పైగా చనిపోయారు, వారిలో ఎక్కువమంది ఎయిడ్స్ రోగులు. 1998లో మిల్వాకీ ఓజోన్‌తో శుద్ధి మొదలుపెట్టింది. అదే ఏడాది దేశమంతటా వడపోత నిబంధనలు కఠినమయ్యాయి.

కాబట్టి అలాంటి కబురొస్తే నీళ్ళు తెర్లుతూ ఒక నిమిషం కాగాలి, బాగా ఎత్తైన కొండ ఊళ్ళలో మూడు నిమిషాలు. పళ్ళు తోముకోడానికీ, ఐసుకీ, కూరలు కడగడానికీ ఆ నీళ్ళే వాడండి. ఇంట్లో పసిపిల్లలో, కీమో తీసుకుంటున్నవారో ఉంటే మరీను.

నాన్నగారికి ఏమీ కాలేదు. ఈ కథంతా అమ్మకి చెబితే ఒకటే మాట అంది: "నీళ్ళు కాచుకోడానికి ఇంత చదువు కావాలట్రా?"

సెలవు.