విజయనగరం నడిబొడ్డు: నగారా నుంచి గానపాఠశాల దాకా

విజయనగరం సంగీత చరిత్రను అర్థం చేసుకోదలచినవారికి కాలినడకను మించిన మార్గం లేదు. కోట, గంటస్తంభం, మూడు లాంతర్ల కూడలి, పైడితల్లి అమ్మవారి చదురుగుడి, సంగీత కళాశాల పాత పట్టణంలో దగ్గరదగ్గరగానే ఉండి, రాజు గడప దగ్గర పుట్టిన విద్య గోడ దాటి ఊరి సొత్తుగా మారిన తీరును ఒక్క రోజులోనే చూపిస్తాయి.

నడక కోటతోనే మొదలుకావాలి. పూసపాటి విజయరామరాజు 1713లో విజయదశమినాడు ఈ దుర్గానికి పునాది వేశాడని స్థానిక చరిత్ర చెబుతుంది. చతురస్రాకారపు ఈ కోట ప్రధాన ద్వారం పేరు నగారాఖానా, అంటే రాజు రాకపోకలనూ ఆజ్ఞలనూ పెద్ద భేరీల మోతతో పురజనులకు తెలియజేసే చోటు. పట్టణ ప్రజలందరికీ వినిపించిన తొలి ఆస్థాన వాద్యం నగారాయే కాగా, గాత్రమూ వీణా మాత్రం చాలాకాలం లోపలి సభలకే పరిమితమయ్యాయి. కోట నుంచి మూడు లాంతర్ల వైపు సాగితే చదురుగుడి వస్తుంది. 1757 బొబ్బిలి యుద్ధ సమయంలో హతుడైన పెద విజయరామరాజు సోదరిగా పూజలందుకునే పైడితల్లికి, విజయదశమి తరువాతి మంగళవారం జరిగే సిరిమానోత్సవంలో, పొడవాటి మాను చివర కూర్చున్న పూజారి గుడికీ కోటకూ మధ్య మూడుసార్లు ఊరేగుతాడు. ఇక 1885 నాటి గంటస్తంభం అష్టకోణాకారంలో, సుమారు 68 అడుగుల ఎత్తున నిలిచి, పట్టణం కొత్త కాలమానానికి అలవాటుపడిన దశను సూచిస్తుంది.

ఆ దశలో సంస్థానాధిపతి అయిన ఆనంద గజపతిరాజు పండితులనూ గాయకులనూ ఆదరించారు. గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ 1892లో తొలిసారి ప్రదర్శితమైనదీ ఆయన కాలంలోనే. అయితే ఈ పట్టణపు కీర్తినంతా రాజుల రసికతకే జమకట్టడం సగం న్యాయమే అవుతుంది. ఆదిభట్ల నారాయణదాసు 1883లో తన తొలి హరికథ ‘ధ్రువచరిత్ర’ను వినిపించింది దర్బారులో కాదు, స్థానిక వేణుగోపాలస్వామి ఆలయంలో, సామాన్య శ్రోతల ఎదుట. కాలికి గజ్జెలు, చేతిలో చిడతలతో ఒక్కరే నిలబడి పాడుతూ, ఆడుతూ, అభినయిస్తూ పురాణగాథను నడిపించే హరికథకు ఆయన పాండిత్య గౌరవాన్ని తెచ్చిపెట్టారు. రెండు చేతులు, రెండు పాదాలు, శిరస్సు ఒక్కొక్కటీ ఒక్కో తాళాన్ని చూపే పంచముఖి ప్రక్రియలో ఆయనకు అసాధారణ ఖ్యాతి దక్కింది.

అసలు మలుపు 1919 ఫిబ్రవరిలో వచ్చింది. విజయరామ గజపతిరాజు స్థాపించిన విజయరామ గానపాఠశాలకు నారాయణదాసు తొలి అధ్యక్షులయ్యారు. ఒక ఆస్థానోద్యోగి కుమారుడికి చూపు లేకపోవడంతో, ఆ బాలుడికి సంగీతం నేర్పించాలన్న తలంపే పాఠశాలకు బీజమైందని ప్రతీతి. ఈ సంస్థ ప్రాధాన్యం మరోచోట ఉంది: ఆస్థాన విద్వాంసుడు ప్రభువు దయపై బతుకుతూ తన విద్యను కొడుక్కో ఇష్టశిష్యుడికో అప్పగించేవాడు; పాఠశాలలో మాత్రం గురువుకు జీతం, విద్యార్థికి పాఠ్యక్రమం, చివర పరీక్ష ఏర్పడ్డాయి. విద్యార్థిగా చేరవచ్చిన ద్వారం వెంకటస్వామినాయుడు ప్రజ్ఞను గమనించిన నారాయణదాసు ఆయనను ఏకంగా వాయులీన ఆచార్యుడిగా నియమించారని చెబుతారు. అప్పట్లో ప్రధానంగా గాయకుడి పక్కవాద్యంగానే ఉన్న ఫిడేలుకు ద్వారం స్వతంత్ర కచేరీ స్థాయిని కల్పించి, 1936లో పాఠశాల రెండవ అధ్యక్షులయ్యారు. వాసా వంశీయుల వీణ కూడా ఇదే నీడన వర్ధిల్లింది. 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీలు అంతరించినా, ఆస్థానం నీడన పుట్టిన ఈ విద్యాలయం ప్రభుత్వ కళాశాలగా మారి నేటికీ కొనసాగుతోంది.

రాజును, పాఠశాలను చెప్పి ఊరి గృహస్థులను చెప్పకపోతే చరిత్ర అసంపూర్ణమవుతుంది. పేద విద్యార్థి జోలె పట్టుకొని ఇంటింటా వండిన అన్నం అడిగి తెచ్చుకొని చదువు సాగించే ఆచారాన్ని మధూకరం అంటారు. గుడివాడ ప్రాంతం నుంచి ఒంటరిగా వచ్చిన ఘంటసాల వెంకటేశ్వరరావు ఈ వీధుల్లో ఆ విధంగానే పొట్ట నింపుకొన్నారు; కళాశాల గాత్రోపాధ్యాయుడు పట్రాయని సీతారామశాస్త్రి ఆయనకు ఆశ్రయమిచ్చి, ప్రతిఫలం ఆశించకుండా విద్య నేర్పారు. ఇదే పట్టణంలో పుట్టిన పి. సుశీల కూడా ఇదే కళాశాలలో సంగీతం అభ్యసించి 1950ల నాటికి మద్రాసు చిత్రసీమకు చేరారు. ఆ తరువాత దశాబ్దాలపాటు తెలుగునాట రేడియోలో వినిపించిన సినిమా పాటల్లో పెద్ద భాగం ఈ ఇద్దరి గొంతుల్లోనే పలికింది.